బస్సు నడిపిందెవరు

డ్రిల్లు మాస్టారి బస్సు మళ్ళీ గుంటలో పడింది.

గిన్నెల బీరువా మెట్ల మీంచి దొర్లినట్టు పెద్ద మోత, దాని వెనక ప్రయాణికుల కేకలు, ఆ వెనక మాస్టారి నిట్టూర్పు. మధ్యాహ్నం విరామంలో స్టాఫ్ రూములో ఈ మూడూ ఇదే వరసలో వినబడటం అందరికీ అలవాటైపోయింది. బయటివాళ్ళెవరైనా ఉండి ఉలిక్కిపడితే సైన్సు టీచరు దిద్దుతున్న పెన్ను ఆపకుండానే, "ఏం లేదండీ, మా మాస్టారు బస్సు తోలుతున్నారు" అని చెప్పేది.

బల్లకి ఇవతల లెక్కల టీచరు ఫోనుని అడ్డంగా పట్టుకుని, బొటనవేళ్ళతో తెరని అటూ ఇటూ జరుపుతూ, తన బస్సుని తాపీగా డిపోకి చేర్చింది. చెవుల్లోంచి ఇయర్ ఫోన్లు లాగి బల్ల మీద పెట్టింది.

"మాస్టారూ, ప్రయాణికులు బాగున్నారా? ఎవరికైనా దెబ్బలు తగిలాయా?"

"నవ్వండి, నవ్వండి."

"నేనెందుకు నవ్వుతానండీ, ఆసుపత్రికి ఫోను చేద్దామని అడుగుతున్నాను."

లెక్కల టీచరు పుట్టినప్పట్నుంచీ చూపు లేని మనిషి. అయితే ఆవిడ గురించి ఎవరైనా చెప్పాల్సి వస్తే ఆ సంగతి మూడోదిగానో నాలుగోదిగానో గుర్తొచ్చేది. మొదట గుర్తొచ్చేది ఆవిడ నోరు. ఆ నోటికి డ్రిల్లు మాస్టారు దొరికి మూణ్ణెల్లయింది.

బస్సు ఆటలో పెద్ద బ్రహ్మవిద్యేం లేదు. ఇద్దరూ ఒకే దారిలో చెరో బస్సు తోలాలి. స్టాపుల్లో జనాన్ని ఎక్కించుకోవాలి, మలుపుల్లో తిప్పాలి, ఎదురొచ్చే లారీల్ని తప్పించుకోవాలి. గడువులోగా ఎక్కువమందిని డిపోకి చేర్చినవాళ్ళు గెలిచినట్టు. పడినా మళ్ళీ లేవొచ్చు గానీ, కొంత జనం, కొంత సమయం పోతాయి. చూపున్నవాళ్ళు తెర మీద రోడ్డు చూస్తూ ఆడతారు. ఫోనులో తెర చదివి వినిపించే గొంతు పెట్టుకున్నవాళ్ళకి అదే ఆట చప్పుళ్ళతో నడుస్తుంది. ఎడమకి తిప్పాలంటే ఎడమ చెవిలో గాలి హోరు, లారీ వస్తే హారను, స్టాపు వస్తే గంట. ఈ చప్పుళ్ళ భాగం చేసింది లెక్కల టీచరు మరదలు, స్వయానా తమ్ముడి పెళ్ళాం. ఆ ముక్క స్టాఫ్ రూములో వినని చెవి లేదు.

పందెం కూడా ఉంది. పిల్లలు భోజనాలు చేసి కుళాయిల దగ్గర చేతులు కడుక్కునేటప్పుడు టీచర్లు వంతులవారీగా అక్కడ నిలబడాలి. కాపలా లేకపోతే పిల్లలు కుళాయికి బొటనవేలు అడ్డం పెట్టి ఒకళ్ళనొకళ్ళు తడిపేసుకుంటారు, కాపలా ఉంటే కాపలా మనిషిని కలిపి తడుపుతారు. ఆ డ్యూటీ అంటే ఎవరికైనా ఒళ్ళు మంట. ఆటలో ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ వంతు కూడా చెయ్యాలి. అందుకని మూణ్ణెల్లుగా డ్రిల్లు మాస్టారి బూట్లు ఆరిన పాపాన పోలేదు.

"ఈ ఆటలో ఏదో మతలబు ఉందండీ" అన్నాడాయన ఆ సోమవారం. "రోడ్డంతా కళ్ళెదుట కనబడుతూ నేను పడిపోవడమేంటి, ఒట్టి చెవులతో మీరు గెలవడమేంటి?"

"మతలబు లేదు, మసాలా లేదు. మీరు కళ్ళని నమ్ముకున్నారు. అదే వచ్చిన చిక్కు."

"అయితే నేనూ కళ్ళు మూసుకుని ఆడతాను. ఇలా ఇవ్వండి మీ ఫోను."

ఇంత సరదా మళ్ళీ దొరుకుతుందా? సైన్సు టీచరు పేపర్లు పక్కన పడేసి, మాస్టారి కళ్ళకి తన చున్నీ కట్టి, వెనక రెండు ముళ్ళు వేసింది. అందరికీ వినబడాలని ఇయర్ ఫోన్ల తీగ పీకేశారు. బస్సు బయల్దేరింది. మాస్టారు బల్లంతా ఊగిపోయేలా ఒంటిని అటూ ఇటూ వంచుతున్నాడు. "ఎడమా? ఇది ఎడమేనా? అయ్యో హారను!" అని అరుస్తున్నాడు. ఆయన వేలు తెర మీద ఎక్కడెక్కడో గీరుతున్న చప్పుడు లెక్కల టీచరుకి తెలుస్తూనే ఉంది. హారను మోగి ఊరుకున్నాక, ఒక గుక్క ఊపిరి తీసేంతసేపటికి గాని ఆయన బ్రేకు వెయ్యలేదు. లారీ పక్కనుంచి మర్యాదగా వెళ్ళిపోయింది.

చివరికి డిపో గంట మోగింది. ఒక్క ప్రయాణికుడికి కూడా గీత పడలేదు.

స్టాఫ్ రూము గొల్లుమంది. "కళ్ళు మూసుకుంటే పాసయ్యారు మాస్టారూ, ఇక ఎప్పుడూ తెరవకండి" అని సైన్సు టీచరు చప్పట్లు కొట్టింది. లెక్కల టీచరు కూడా నవ్వింది, పందెం సంగతి ఎత్తి దెప్పింది. అయితే ఆ నవ్వు సగంలో ఉండగానే ఆవిడకి ఒక అనుమానం వచ్చింది. కళ్ళు తెరిచి రెండు స్టాపులు దాటలేని మనిషి, మొట్టమొదటిసారి చెవులతో ఆడి, ఆలస్యంగా బ్రేకేసి, డిపోకెలా చేరాడు? లెక్క తేలలేదు. తేలని లెక్కని నల్లబల్ల మీద వదిలేసి బయటికి వెళ్ళే అలవాటు ఆవిడకి లేదు.

*

సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, కాళ్ళయినా కడుక్కోకుండా మంచం మీద కూర్చుని ఆట తెరిచింది. మొదట హారను వినగానే కాక, కావాలని ఆలస్యంగా బ్రేకు వేసింది. లారీ తప్పుకుంది. రెండోసారి ఇంకా ఆలస్యం చేసింది. లారీ అప్పుడూ తప్పుకుంది. ఎడమ చెవిలో హోరు వచ్చినప్పుడు వేలిని కుడికి జరిపింది. బస్సు క్షణం తడబడి, తనంతట తాను ఎడమకి తిరిగింది.

అప్పుడామెకి తట్టింది. డ్రిల్లు మాస్టారి ఫోనులోంచి రోజూ వినే ఆ గిన్నెల మోత, తన ఫోనులో ఇంతవరకూ ఒక్కసారైనా మోగలేదు. తను బాగా తోలుతోంది కాబట్టి మోగలేదనుకుంది. మనిషన్నాక మూణ్ణెల్లలో ఒక్కసారైనా పడకుండా ఉంటుందా?

ఫోనుని దిండు మీద పెట్టింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. కొత్త ఆట మొదలైంది. ఇంజను రొద పెట్టింది, గాలి ఎడమ చెవిలో వీచింది, కుడి చెవిలో వీచింది, హారన్లు వచ్చాయి, పోయాయి. స్టాపులో బస్సు ఆగింది. జనం ఎక్కారు. ఎవరూ ముట్టుకోని బస్సు ఒక్కొక్క స్టాపే దాటుకుంటూ డిపోకి చేరి గంట కొట్టింది. ఫోనులో గొంతు ఎప్పటిలాగే సంబరంగా, "శభాష్! అద్భుతంగా నడిపారు!" అంది.

ఆవిడకి చెంప మీద కొట్టినట్టయింది. ఏడుపు కూడా వచ్చింది. వచ్చిన మాట నిజం, దాచడమెందుకు? చిన్నప్పుడు దాగుడుమూతల్లో తను దొంగైనప్పుడు పక్కింటి పిల్లలు కావాలని చేతికి దొరికేవాళ్ళు. "దొరికిపోయాం, దొరికిపోయాం" అని గొంతులు మార్చి అరిచేవాళ్ళు. ఆ గొంతులు ఆవిడకి అప్పుడే తెలిసిపోయేవి. ఆ పిల్లలతో ఆడటం మానేసి లెక్కలు చేసుకుంది, ఎందుకంటే లెక్క ఎవరినీ చూసి జాలిపడదు. ఇన్నేళ్ళకి మళ్ళీ ఒక ఆట దొరికిందనుకుంటే, ఇదీ ఆ బాపతే అయింది.

*

మర్నాడు రోజంతా ఆవిడ ఈ సంగతి బడిలో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? మాస్టారు ఓడుతూనే ఉంటాడు, తను గెలుస్తూనే ఉంటుంది, చెప్పులు పొడిగా ఉంటాయి. తరగతిలో పిల్లలు "టీచర్, నిన్న కూడా మీరేనట కదా!" అని అడిగితే ఊఁ అంది. ఆ ఊఁ ఆవిడకే అబద్ధంలా వినబడింది. బడి వదలగానే చేతికర్ర తీసుకుని తిన్నగా మరదలి ఆఫీసుకి వెళ్ళింది.

టైర్ల కొట్టు మీద మేడ, రెండే గదులు. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన, పైకి చేరాక చల్లారిన టీ వాసన. లోపల ఒక్క కీబోర్డే టకటకలాడుతోంది.

"వదినా! చెప్పకుండా వచ్చారేంటి? కూర్చోండి, ఆ కుర్చీ కాదు, దానికో కాలు లేదు."

"కుర్చీ సంగతి తర్వాత. ముందు ఇది చెప్పవే. ఈ బస్సు నడుపుతున్నదెవరు?"

"మీరే వదినా."

లెక్కల టీచరు ఫోను తీసి మరదలి బల్ల మీద పెట్టింది, ఆట మొదలెట్టింది, చేతులు కట్టుకుని నిలబడింది. బస్సు బయల్దేరింది. కీబోర్డు ఆగిపోయింది. కింద కొట్లో టైరు నేల మీద దభీమని పడింది. మొదటి స్టాపు వచ్చింది, జనం ఎక్కారు. రెండో స్టాపు వచ్చింది. మరదలు కుర్చీలో కదిలింది, గొంతు సవరించుకుంది. డిపో గంట మోగేదాకా ఇద్దరూ విన్నారు.

"శభాష్! అద్భుతంగా నడిపారు!" అంది ఫోను.

"ఇప్పుడు చెప్పు."

"వదినా, మీరు కోప్పడనంటే..."

"కోప్పడతాను. అయినా చెప్పు."

మరదలు చెప్పింది. మొదట ఆట తయారైనప్పుడు చూపు లేని కొందరికి ఇచ్చి ఆడించారు. ఒక్కరూ మొదటి మలుపు దాటలేదు. విసుగుపుట్టి ఆట తీసిపారేశారు. ఓనరు ఇదంతా దండగ, చప్పుళ్ళ భాగమే వద్దన్నాడు. తనే బతిమాలి కొంచెం గడువు తీసుకుంది. బ్రేకు ఆలస్యమైతే ఆట కాస్త ఆగేలా చేసింది. అదీ చాలలేదన్నారు, ఇంకాస్త పెంచింది. ఎవరో మలుపు కష్టమన్నారు, బస్సే తిరిగేలా పెట్టింది. అలా కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే ఎక్కడిదాకా వచ్చిందో తనే చూసుకోలేదు.

"చూసుకోలేదా?"

"చూశాను వదినా" అని మరదలు ఒప్పుకుంది. గొంతు సన్నబడింది. "కానీ మీరు మొదటిరోజు గెలిచి ఫోను చేశారు గుర్తుందా? ఎంత సంతోషంగా ఉన్నారో. మీ తమ్ముడు స్పీకరు పెట్టి విన్నారు. అది విన్నాక ఇంక తీసెయ్యడానికి చెయ్యి రాలేదు."

"అంటే నన్ను చూసి పాపం అనుకున్నావు."

"పాపం కాదు వదినా. ప్రేమ."

"ప్రేమైతే చెప్పి చెయ్యి. చెప్పకుండా చేస్తే అది నన్ను ఎత్తుకుని తిప్పడమే. నాకు నలభై దాటాయే అమ్మాయ్, నన్నింకా చంకనేసుకోకు."

మరదలు ముక్కు చీదింది. లెక్కల టీచరుకి కోపం తగ్గలేదు గానీ, కాలు లేని కుర్చీ కోసం తడిమి, దాన్ని జరిపి, మంచి కుర్చీ వెతుక్కుని కూర్చుంది. ఆడపడుచు కూర్చుందంటే ఇంక వెళ్ళదని మరదలికి తెలుసు.

"సరే, ఏడిచింది చాలు. వాళ్ళు మొదటి మలుపు ఎందుకు దాటలేదో అడిగావా?"

"కష్టంగా ఉందన్నారు."

"మా మాస్టారికి మలుపు ఎక్కణ్ణుంచి కనబడుతుంది?"

"దూరం నుంచే. తెర పై అంచులో రోడ్డు వంగడం..." మరదలు మధ్యలో ఆగింది. కుర్చీ ఒక్కసారి కిర్రుమంది. "అయ్యో. మీకు గాలి హోరు వచ్చేది మలుపులోకి వెళ్ళాక. చూపున్నవాళ్ళకి ముందు తెలుస్తోంది, మీకు తెలియట్లేదు. నేను అది ఇవ్వకుండా మార్కులిచ్చాను."

"అదీ సంగతి. తెలిసేటట్టు చెయ్యి. ఆ తర్వాత పడితే నేనే పడతాను."

*

ఆ సాయంత్రం, మర్నాడు సాయంత్రం, ఆ పై సాయంత్రం కూడా లెక్కల టీచరు బడి నుంచి తిన్నగా మేడ మీదికే వెళ్ళింది. మాస్టారితో ఆటని ఏదో సాకు చెప్పి సోమవారానికి వాయిదా వేసింది. మొదట మాటలు పెట్టి చూశారు. "ముందు కుడివైపు మలుపు వస్తోంది" అని గొంతు తీరిగ్గా చెప్పేలోపు బస్సు మలుపు దాటి చెరువులో ఉంది. అప్పుడే లెక్కల టీచరు తన ఫోనులో ఆ గిన్నెల మోత మొదటిసారి విన్నది. రెండు చెవుల్లో ఒకేసారి పగిలింది. ఆవిడ ఇయర్ ఫోన్లు ఊడబెరికి, గుండె మీద చెయ్యేసుకుని, పడీ పడీ నవ్వింది.

"ఇది దేంతో చేశావే?"

"మా ఇంట్లో గిన్నెలే వదినా. మీ తమ్ముడి చేత మెట్ల మీంచి వేయించాను. రెండు సొట్టపోయాయి, మా అత్తగారికి చెప్పకండి."

"మీ అత్తగారు మా అమ్మే కదా, చెప్పకుండా ఎలా ఉంటాను?"

మాటలు పనికిరాలేదు కాబట్టి చప్పుడు కావాలి. కండక్టర్లు బస్సు రేకు మీద అరచేత్తో చరుస్తారు కదా, అలాంటిది పెడదామని మరదలికే తట్టింది. ఆఫీసులో ఇనప బీరువా తలుపు మీద కొట్టి రికార్డు చేశారు. మలుపు దూరంగా ఉంటే చరుపు మెల్లగా, దగ్గరయ్యేకొద్దీ జోరుగా, ఎటు తిరగాలంటే ఆ చెవిలో. కింద టైర్ల కొట్టాయన ఏమైందోనని రెండుసార్లు పైకి వచ్చి చూసి వెళ్ళాడు.

అంతా పెట్టాక లెక్కల టీచరు ఆడింది, వరసగా ప్రతి మలుపులోనూ పడింది. ఇద్దరికీ అర్థం కాలేదు. మరదలు గంటసేపు తను రాసిందంతా పైనుంచి కిందికి వెతికింది. చివరికి లెక్కల టీచరు చెయ్యి చాచి మరదలి చెవులు తడిమి చూసింది. ఇయర్ ఫోన్లు కుడిది ఎడమ చెవికి, ఎడమది కుడి చెవికి పెట్టుకుని కూర్చుంది మహాతల్లి. సాయంత్రమంతా అలాగే విని, రెండు వైపులూ తారుమారుగా రాసేసింది.

"చెవులు నాకిచ్చి నువ్వు కళ్ళతోనే పని చేసుకోవే" అంది లెక్కల టీచరు. ఆ రోజు కోపం పూర్తిగా పోయింది.

పాత సాయాన్ని తీసెయ్యలేదు. కావలసినవాళ్ళు ఉంటారు, కొత్తవాళ్ళుంటారు, ఊరికే షికారు తిరుగుదామనుకునేవాళ్ళుంటారు. దాన్ని బయట పెట్టి, "సాయం" అని పేరు రాసి, ఎవరికి కావాలంటే వాళ్ళు నొక్కుకునేలా చేశారు. చూపున్నవాళ్ళ ఆటలో కూడా అదే మీట పెట్టారు. ఓనరుకి తను చెప్పుకుంటానని, ఈలోగా ఈ ఆట ఒక్క వదిన ఫోనులోనే ఉంటుందని మరదలు చెప్పింది. మెట్ల దాకా వచ్చి, "సోమవారం ఓడిపోతే?" అని అడిగింది.

"ఓడిపోతాను" అని లెక్కల టీచరు మెట్లు దిగింది. అన్నది తేలిగ్గానే అంది గానీ, ఆదివారమంతా ఆవిడకి అన్నం సయించలేదు.

*

సోమవారం బెల్లు కొట్టాక, ఆట మొదలెట్టకముందే ఆవిడ స్టాఫ్ రూములో అందరికీ వినబడేట్టు చెప్పింది. ఇన్నాళ్ళూ తను గెలవలేదు, ఆటే గెలిపించింది, తనకి పోయిన వారం దాకా తెలియదు. ఇవాళ ఆ సాయం లేదు.

సైన్సు టీచరు దిద్దుతున్న పెన్ను బల్ల మీద పెట్టేసింది. తర్వాత డ్రిల్లు మాస్టారి గొంతు నెమ్మదిగా పైకి లేచింది.

"అంటే మూణ్ణెల్లు నేను ఊరికే తడిశానా?"

"తడిశారు మాస్టారూ. క్షమించాలి."

"క్షమాపణ తర్వాత. ముందు బస్సు తియ్యండి."

బస్సులు బయల్దేరాయి. మొదటి చరుపు ఎడమ చెవిలో మెల్లగా మొదలై జోరందుకుంది. ఆవిడ వేలు జరిపింది, బస్సు తిరిగింది. తనే తిప్పింది! లారీ హారను కుడివైపు నుంచి మీదికొచ్చింది. వేళ్ళు రెండూ బిగించి నొక్కింది, అది ఈడ్చుకుంటూ పక్కనుంచి పోయింది. అరచేతులు చెమటపట్టాయి. ఇన్నాళ్ళూ ఈ ఆటలో చెమట పట్టిందే లేదు. సగం దారిలో మాస్టారి ఫోనులో గిన్నెలు దొర్లాయి. ఆయన తిట్టుకుని మళ్ళీ లేచాడు. మూడో స్టాపు దగ్గర ఆవిడ బస్సు కూడా ఒరిగింది గానీ పడలేదు. "ఇద్దరూ సమానం, ఇద్దరూ సమానం" అని సైన్సు టీచరు వెనకనుంచి అరుస్తోంది.

చివరి స్టాపు. గంట మోగింది. ఎక్కించుకుంటే గెలిచేంత జనం ఉన్నారు, కానీ ఆగితే ఆలస్యమవుతుంది. ఆవిడ ఆశపడింది. అందరినీ ఎక్కించుకుంది. పోయిన సమయం పూడ్చుకుందామని వంతెన మీదికి బ్రేకు లేకుండా వెళ్ళింది. చరుపు రెండు చెవుల్లోనూ దడదడలాడింది. ముందే చెప్పింది, గట్టిగా చెప్పింది, ఆవిడ వినిపించుకోలేదు. గిన్నెలన్నీ ఒక్కసారిగా దొర్లాయి.

అవతల డిపో గంట మోగింది.

డ్రిల్లు మాస్టారు కుర్చీ వెనక్కి పడేంత వేగంగా లేచాడు. మెళ్ళో ఈల తీసి స్టాఫ్ రూములోనే ఊదాడు. పిల్లల్ని వరసలో నిలబెట్టేటప్పుడు ఊదే ఈల అది, పక్క తరగతిలో బెంచీలు కదిలాయి. ఊది ఊది ఆయాసం వచ్చి, "పడ్డారు! వంతెన మీంచి పడ్డారు! ఆసుపత్రికి ఫోను చెయ్యమంటారా టీచర్ గారూ? ప్రయాణికులు కులాసాయేనా? ఈత వచ్చా వాళ్ళకి?" అని బల్ల చుట్టూ తిరిగాడు. మళ్ళీ ఈల. ఏమైందని హెడ్మాస్టరు గారు గుమ్మం దాకా వస్తే, ఆయనకి కూడా మొదట్నుంచీ చెప్పాడు, వంతెన ముక్క రెండుసార్లు చెప్పాడు.

సైన్సు టీచరుకి ప్రాణం ఉసూరుమంది. "ఇంక ఊరుకోండి మాస్టారూ. పాపం, ఆవిడతోనా మీ ప్రతాపం?"

"పాపమేంటండీ?" డ్రిల్లు మాస్టారు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మూణ్ణెల్లు నన్ను కాల్చుకు తినలేదూ? ఓడిపోయారు, దెప్పించుకోవాలి! లేవండి టీచర్ గారూ, కుళాయిలు ఎదురుచూస్తున్నాయి. ఈ వారమంతా మీదే!"

లెక్కల టీచరు మొహం వేడెక్కింది. ఒళ్ళంతా ఉడుకుమోత్తనంతో మండిపోతోంది, ఇప్పటికిప్పుడు మళ్ళీ ఆడాలని వేళ్ళు లాగుతున్నాయి. ఆ మంట కిందనుంచి ఎంతో సంతోషం పొంగుకొచ్చింది. నలభై ఏళ్ళ బతుకులో ఆవిడని ఓడించి ఇలా ఎగిరి గంతేసిన మనిషి ఇంతకు ముందు లేడు.

"రేపు చూసుకుంటాను మీ పని" అని లేచి, చేతికర్ర తీసుకుని బయటికి నడిచింది.

కుళాయిల దగ్గర పిల్లలు ఆవిడని చూసి క్షణం సద్దుమణిగారు. ఆ తర్వాత ఎవడో బొటనవేలు అడ్డం పెట్టాడు. చల్లటి నీళ్ళు పాదాల మీద, మోకాళ్ళ దాకా పడ్డాయి. "నాలుగో కుళాయి! కట్టెయ్ దాన్ని!" అని ఆవిడ గద్దించింది. పిల్లలు కేకలు పెడుతూ పారిపోయారు. ఫోను మోగింది. మరదలు.

"ఏమైంది వదినా?"

"ఓడిపోయాను. చివర్లో, వంతెన దగ్గర."

"అయ్యో! ఆ వంతెన కొంచెం ఇరుకైంది వదినా, నాకు ముందే అనిపించింది. ఇవాళే వెడల్పు చేసేస్తాను."

"ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతాను" అంది లెక్కల టీచరు. "వంతెన బాగానే ఉంది. తప్పు నాది."